లేని బలానికి లావు పిన్ను

ఖలీల్ ఫోన్ ఎత్తడు. ఎత్తడని హదస్సాకు తెలుసు, ఎత్తకూడదన్న నియమం రాసింది తనే. రైడ్ నడిపేవాళ్లు ఫోన్ ముట్టుకోరాదు అని పెద్దక్షరాలతో ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, కంట్రోల్ పెట్టె తలుపుకు తన చేత్తోనే అంటించింది. అయినా చేస్తోంది. బేగంపేటలో ఆటో ఎక్కినప్పటి నుంచీ చేస్తూనే ఉంది. ఖలీల్‌కు ఒకసారి, మామగారు ప్రభుదాస్‌కు ఒకసారి, మళ్లీ ఖలీల్‌కు. మామగారు కూడా ఎత్తరు. చర్చి కార్యక్రమం ఉన్న రోజు ఆయన ఫోన్ పొద్దున్నే నోరు మూసుకుంటుంది, పాస్టర్‌గారు మాట్లాడుతుండగా జేబులో మోగితే ఆయనకు తల కొట్టేసినట్టుంటుంది. ఇక భర్త ఆషర్ రైల్వేలో గార్డు, ఈపాటికి ఏ అడవిలోనో బండి చివరి డబ్బాలో జెండా పట్టుకుని ఉంటాడు, సిగ్నల్ ఉండదు. ఇంతమంది ఉండీ ఒక్కరూ లేరు. అల్వాల్‌లో చర్చి జూబిలీ సంబరాల మైదానంలో ఖలీల్ కట్టిన కొత్త రైడ్ ఈ సాయంత్రం మొదటిసారి మనుషులను ఎక్కించుకుని తిరగబోతోంది. అందులో మొదట ఎక్కేవాళ్లలో తన కూతురు షెకీనా ఉంది, రెండో తరగతి, ముందు పళ్లు రెండూ ఊడిన షెకీనా. ఆ రైడ్ తిరగకూడదు. తిరగకూడదన్న సంగతి ఈ లోకంలో తనకొక్కదానికే తెలుసు, ఆ తెలిసిన మనిషి ప్యారడైజ్ దగ్గర ఆటోలో ఇరుక్కుపోయి ఉంది.

ఒక గడిలో సున్నా. అంతే. ఆఫీసుకు సెలవు రోజున రమ్మన్నారు, ఎవరి ఫ్యాన్ రెక్కో విరిగిందట, దాని కంప్యూటర్ మోడల్ అర్జంటుగా కావాలట. కొత్తగా ఎందుకు మొదలుపెట్టాలని ఖలీల్ రైడ్‌కు తను చేసిన పాత ఫైలు తెరిచింది, తిరిగేది తిరిగేదే కదా అని. తెరిచి చూస్తే కోణీయ వేగం అన్న గడి నిండి ఉంది. దాని కింద కోణీయ త్వరణం, అంటే ఆ వేగం ఎంత చప్పున పెరుగుతుంది, ఎంత చప్పున తగ్గుతుంది అని అడిగే గడి. అందులో సున్నా. తను పెట్టిన సున్నా కూడా కాదు, సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టి ఊరుకునే సున్నా. మనం మారుస్తామని అది అలా పెట్టి ఉంచుతుంది, మార్చలేదు. ఇంకేముంది, ఆమె కంప్యూటర్లో ఆ రైడ్ ఎన్నడూ మొదలవలేదు, ఎన్నడూ ఆగలేదు, పుట్టినప్పటి నుంచీ ఒకే వేగంతో తిరుగుతూనే ఉంది. తెర మీద రైడ్ ఇనుప చేతులన్నీ ఏ ఒత్తిడీ లేనట్టు చల్లగా నీలం రంగులో కనిపించాయి, వాటిని పట్టి ఉంచే పిన్నులన్నీ క్షేమం అన్నాయి, ఆమె కూడా క్షేమం అంది, ఖలీల్ దండం పెట్టి స్వీట్ల డబ్బా ఇచ్చి వెళ్లాడు. ఆ స్వీట్లు ఇంట్లో అందరూ తిన్నారు. షెకీనా అందరికంటే ఎక్కువ తింది.

తిరిగే వస్తువు మీద కూర్చుని లెక్క వేసేవాళ్లు మూడు లేని బలాలను కలుపుకోవాలి. బయటికి లాగేది ఒకటి, లోపల కదిలేవాటిని పక్కకు తోసేది ఇంకొకటి, తిరిగే వేగం మారినప్పుడు మాత్రమే పుట్టేది మూడోది. పుస్తకాల్లో వీటికి మిథ్యా బలాలని పేరు. నేల మీద నిలబడి చూసేవాడికి అవి లేవు, ఎక్కి కూర్చున్నవాడికి ఉన్నాయి. ఈ మాటే ఖలీల్‌కు చెబితే రాంగోపాల్‌పేట్ సందులోని తన షెడ్డులో, వెల్డింగ్ అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని పకపకా నవ్వాడు. "గదేంది మేడం, లేని బలానికి లావు పిన్ను ఎందుకు ఏయాలె? ఉన్న బలానికే ఇనుము సాలుతలేదు!" ఆమె కూడా నవ్వింది. ఆ రోజు ఎంత తెలివైనదాన్నని అనుకుంది! నాపరాయి మీద సుద్దముక్కతో బొమ్మ గీసింది, నడుమ స్తంభం, చుట్టూ ఆరు చేతులు, చేతి చివర ఒక బుట్ట, చేయి స్తంభాన్ని పట్టుకునే కుదురు దగ్గర పిన్ను. బయటికి లాగే బలం గురించి పంతులమ్మలా గంటసేపు చెప్పింది. మూడోదాని గురించి చెప్పిందా? చెప్పే ఉంటుంది. నోటితో చెప్పి, చేత్తో వదిలేసింది. నోటికి తెలిసింది చేతికి తెలియకపోతే ఇక ఈ చదువు ఎందుకు, ఎవరిని ఉద్ధరించడానికి, ఏ గంగలో కలపడానికి.

"జెర ఓపిక పట్టుండ్రి మేడం, ముంగట రోడ్డు తవ్విన్రు, ఒక్కొక్క బండి పోతున్నది," అంటున్నాడు ఆటో అతను. ఆమె ఏమీ అడగకుండానే అంటున్నాడు, అద్దంలో ఆమె ముఖం చూసి అంటున్నాడు. కార్ఖానా దాకా ఇంతేనట. రేకుల గోడ పక్కన బస్సులు, వ్యాన్లు, పెళ్లి బ్యాండువాళ్ల ట్రాలీ ఒకటి, అందులో పెద్ద బాకా ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్న మనిషి. ఇంత ప్రశాంతంగా ఎలా నిద్రపోతారు మనుషులు, ఒక పక్క ఇంత జరుగుతుంటే. ఏం జరుగుతోంది? ఏమీ జరగడం లేదు. ఇంకా ఏమీ జరగలేదు. ప్రార్థన అవుతూ ఉంటుంది, పాస్టర్‌గారు చర్చి పుట్టిన నాటి నుంచి మొదలుపెట్టి చెబుతూ ఉంటారు. చెప్పండి అయ్యగారూ, ఇంకా చెప్పండి, ఎన్నడూ మీ ప్రసంగం ఇంత పొడుగ్గా సాగాలని కోరుకోలేదు నేను, ఈ ఒక్కరోజు నోవహు దగ్గర నుంచి మొదలుపెట్టండి, ఒక్కొక్క జంతువునూ పేరు పెట్టి ఓడ ఎక్కించండి.

మొదట మనవాళ్లే ఎక్కాలి మేడం, అన్నాడు ఖలీల్. వాళ్ల తాత దర్గా ఉర్సుల్లో కర్ర రంగులరాట్నాలు నిలబెట్టేవాడట, అప్పటి నుంచీ అదే పద్ధతి. చేసినవాడు తన బిడ్డను కూర్చోబెట్టకపోతే పరాయివాడు ఏ నమ్మకంతో ఎక్కుతాడు? అలా మొదలైన మొదటి ఆటను నడుమ ఆపకూడదు, ఆపితే బర్కత్, అంటే దేవుడిచ్చే కలిమి, పోతుందట. ఖలీల్ కూతురు జోయా ఎక్కుతోంది. లెక్క కట్టింది మీరు కాబట్టి మీరూ ఎక్కాలన్నాడు. ఆమెకు ఎంత గర్వంగా అనిపించిందో! చదువుకున్నవాళ్లను ఆ వరసలో కూర్చోబెట్టడం ఆ షెడ్డులో అదే మొదలట. పొద్దున షెకీనాకు జడలు వేస్తుండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "నువ్వు రావా అమ్మా?" అంది షెకీనా, అద్దంలోంచి చూస్తూ. రెండో జడ సగంలో ఉంది. నా బదులు నువ్వు కూర్చో బంగారూ, అంది తను. అంది. ఆ మాట ఇప్పుడు ఎక్కడికి పోతుంది, ఎవరు వెనక్కి తీసుకుంటారు. నా బదులు. తల్లి అనే మాటేనా అది? పసుపు గౌను వేసింది, దూరం నుంచి కనిపిస్తుందని. ఎవరికి కనిపించడానికి? నేల మీద నిలబడి చూసేవాళ్లకు, ఏ బలమూ లేదనుకునేవాళ్లకు.

మళ్లీ మామగారికి చేసింది. మోగుతోంది, మోగుతోంది, ఎంత మోగినా అటు నిశ్శబ్దమే. ఆయన మీద కోపం వచ్చింది, అన్యాయమైన కోపం, ఎప్పుడూ ఉండే కోపమే. నర్సాపురం వైపు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరై వచ్చిన మనిషి. మంచివాడు, అందులో పేచీ లేదు. కానీ ప్రార్థన అన్న మాట చెవిన పడితే చాలు, ఎక్కడ ఉన్నారో, చేతిలో ఏముందో చూసుకోరు, రెండు చేతులూ జోడించి కళ్లు మూసేస్తారు. మళ్లీ ఎవరో ఒకరు ఆమెన్ అనేదాకా తెరవరు. పట్నీ దగ్గర రోడ్డు దాటుతూ, అంబులెన్స్‌లో ఉన్నవాళ్లకు ప్రార్థన చేయాలి తాతయ్యా అని షెకీనా అంటే నడిరోడ్డు మీద నిలబడిపోయారు, బస్సు డ్రైవర్ నానా తిట్లూ తిట్టాడు. ఈ బలహీనత ఆ పిల్లకు బాగా తెలుసు. టీవీ రిమోట్ కావాలంటే పక్కన చేరి, తాతయ్యా ప్రార్థన, అంటుంది. చేతులు కలుస్తాయి, రిమోట్ ఒళ్లో పడుతుంది, కార్టూన్లు పెట్టుకుని అప్పుడు చల్లగా ఆమెన్ అంటుంది. తను కోప్పడింది. దేవుడితో ఆటలేంటే అంది. ఆయన మాత్రం, పోనీలే అమ్మా, అబద్ధానికైనా ప్రార్థన ప్రార్థనే, అన్నారు. కోడలంటే ఆయనకు ఎంత గురో. మా కోడలు చెప్పిందంటే కంప్యూటర్ చెప్పినట్టే, అని చర్చి మెట్ల మీద అందరికీ చెబుతారు. అదే కంప్యూటర్, మామయ్యగారూ. సున్నా పెట్టి నోరు మూసుకుని కూర్చున్న కంప్యూటర్.

తిరుమలగిరి దాటారు. ఎండ పల్చబడింది. దేవా, అంది మనసులో, చాలా రోజుల తర్వాత. రెండో కాన్పు చేతికి రాకుండా పోయినప్పటి నుంచీ ఆమె చర్చిలో పెదాలు కదుపుతుందే తప్ప అడగడం మానేసింది. ఆమెన్ అందరితో పాటు అనదు, అన్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు అడగడానికి సిగ్గుగా ఉంది. అవసరానికి వచ్చిన చుట్టంలా ఉంది. సిగ్గుపడే టైమా ఇది, అడుగు, కాళ్లు పట్టుకుని అడుగు. ఆ పిల్లను ఎక్కించనివ్వకు, మోటార్ కాలిపోనీ, కరెంటు పోనీ, వాన రానీ, ఎవరికైనా కడుపునొప్పి రానీ, నాకే ఏదైనా కానీ.

లోతుకుంటలో ఫోన్ మోగింది. మామయ్యగారు. తొందరలో పచ్చ గుర్తు మీద వేలు జారిపోయింది, మళ్లీ నొక్కింది. వెనకాల పాట, డ్రమ్ములు, మైకు గీపెట్టడం.

"ఏంటమ్మా, ఇన్నిసార్లు చేశావు? ఇప్పుడే చూశాను. మన షెకీ ఎక్కిందమ్మా, తిరుగుతోంది! పాట అయ్యేదాకా తిప్పుతారంట. నువ్వుంటే ఎంత బాగుండేదో!"

"ఆపించండి మామయ్యగారూ! వెంటనే ఆపించండి! స్తంభం దగ్గర పెట్టె ఉంటుంది, దాని మీద ఎర్ర బటన్ ఉంటుంది, అది నొక్కమనండి! వాళ్లు నొక్కకపోతే మీరే నొక్కేయండి!"

"నొక్కేస్తానమ్మా, నువ్వు కంగారుపడకు," అన్నారు ఆయన. ఎందుకని అడగలేదు. ఆయన ఎప్పుడూ అడగరు. లైన్ తెగింది.

అమ్మయ్య అనుకుంది. నిజంగానే అనుకుంది, ఒక ఊపిరి కూడా తీసుకుంది. ఆ ఊపిరి లోపలికి పోతుండగానే ముందు వ్యాన్ ఆగింది, ఆటో అతను బ్రేకు మీద నిలబడ్డాడు, హదస్సా ముందుకు తూలి నుదురు వెళ్లి కమ్మీకి కొట్టుకుంది. ఎవరూ తోయలేదు. వెనకాల ఎవరూ లేరు. అయినా ఏదో వీపు మీద చేయి వేసి నెట్టింది. సారీ మేడం, సారీ, అంటున్నాడు అతను. ఆమె నుదురు పట్టుకుంది. ఇదే. ఇదే అది. మూడో బలం. వేగం మారితే పుట్టేది, నెమ్మదిగా మారితే పిల్లి పిల్లంత, హఠాత్తుగా మారితే పులి. మొన్న ఇసుక బస్తాలు పెట్టి తిప్పారు, నెమ్మదిగా మొదలైంది, నెమ్మదిగా ఆగింది, ఏమీ కాలేదు. ఊరికే తిరుగుతుంటే ఏమీ కాదు. పూర్తి వేగంలో ఉండగా ఎర్ర బటన్ నొక్కితే స్తంభం ఠక్కున ఆగుతుంది, ఆరు చేతులూ ఆగమంటే ఆగవు, పక్కకు ఒరిగి పిన్నుల మీద పడతాయి. ఆ బటన్‌కు కలిపిన బ్రేకు నిన్న సాయంత్రమే బిగించారు. దాన్ని బస్తాలతో కూడా చూడలేదు. ఉండి తీరాలని పట్టుబట్టింది కూడా తనే. రైడ్‌లో ప్రమాదం ఎక్కడా లేదు, ఆ బటన్‌లో ఉంది, అది నొక్కమని ఇప్పుడు తన నోటితో చెప్పింది. చెప్పకూడని మనిషికి చెప్పింది. ఇంకెవరికి చెప్పినా ఎందుకు, ఏమైంది అని నాలుగు ప్రశ్నలు వేసి, నాలుగు నిమిషాలు వృథా చేసి ఉండేవారు. ఆయన వేయరు. ఆయన ఇప్పుడు నడుస్తూ ఉంటారు, మోకాళ్ల నొప్పితో, కుర్చీల వరసలు దాటుకుంటూ, తన మాటను చేతిలో పెట్టుకుని మనవరాలి దగ్గరికి నడుస్తూ ఉంటారు.

మళ్లీ చేసింది. మోగుతోంది. జేబులో పెట్టేసుకున్నారు. ఎత్తండి మామయ్యగారూ, ఎత్తండి, నేను చెప్పింది తప్పు, నేను చెప్పిందంతా తప్పు, మీ కోడలు కంప్యూటర్ కాదు, మీ కోడలు ఒట్టి మూర్ఖురాలు. ఆటో మలుపు తిరిగింది, శరీరం అటు ఒరిగింది. ప్రతి మలుపూ పిన్ను మీద పడుతున్నట్టే ఉంది. ఆయన మోకాలు ఇంకాస్త నొప్పి పెట్టనీ దేవా, పాపిష్టిదాన్ని, పెద్దాయనకు నొప్పి రావాలని కోరుకుంటున్నాను. దారిలో ఎవరైనా పలకరించనీ, ఆయన అందరినీ పలకరిస్తారు, ఎవరింట్లో ఎవరికి జ్వరమో అడుగుతారు, ఈ ఒక్కసారి కూడా అడగనీ. తాడు కట్టిన మైదానం, రంగు జెండాలు, పార్కింగ్ కర్రలు. ఆటో ఆగేలోపే దూకింది, వెనక నుంచి అతను మేడం మేడం అంటుంటే ఫోనూ సంచీ అతని సీట్లోనే ఉండిపోయాయి. పరుగెత్తింది.

పరుగెత్తుతూ చూసింది. తిరుగుతోంది. ఆరు బుట్టలు, పసుపు గౌను ఒకటి, వచ్చింది, పోయింది, వచ్చింది. పాట ఇంకా సాగుతోంది. స్తంభం పక్కన ఖలీల్ ఉన్నాడు, మామయ్యగారు ఉన్నారు. ఖలీల్ రెండు చేతులూ అడ్డం పెట్టి ఏదో అంటున్నాడు, మొదటి ఆటను నడుమ ఆపనని అంటున్నట్టున్నాడు. అనవయ్యా ఖలీల్, గట్టిగా అను, నీ బర్కత్ చల్లగా ఉండాలి. మామయ్యగారు జీవితంలో ఎవరితోనూ గొడవపడని మనిషి, అతన్ని భుజంతో నెట్టుకుని పెట్టె దాకా వెళ్లిపోయారు. చేయి చాచారు. హదస్సా అరవబోయింది. ఏమని అరవాలి? వద్దు అన్నా, ఆగండి అన్నా, ఇంత దూరం నుంచి, ఈ డ్రమ్ముల్లో, జుట్టు రేగి, నుదురు వాచి పరుగెత్తుకొస్తున్న తల్లి ఏం అరిచినా లోకానికి ఒకటే అర్థం, ఆపమని. ఆయనకైతే మరీనూ. ఆయన ఆమెను చూశారు. చూసి, ధైర్యంగా తలూపారు, ఇదిగో నొక్కేస్తున్నానమ్మా అన్నట్టు. అరచేయి ఎర్ర బటన్ మీద ఆనింది.

ఆమె పరుగు ఆపేసింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బుద్ధి, ఆమెది కాదు, ఆ పళ్లూడిన పిల్లది. నుదుటి మీది జుట్టు సవరించుకుని, రెండు చేతులూ ఛాతీ ముందు జోడించి, ఆయన కళ్లలోకి చూస్తూ, ఆదివారం చర్చి బల్ల వైపు నడిచినంత నెమ్మదిగా నడుస్తూ, పాటను మించిన గొంతుతో అంది.

"మామయ్యగారూ, ప్రార్థన!"

ఒక్క క్షణం ఆయన ముఖంలో రెండు విధేయతలు తన్నుకున్నాయి. కోడలు మాట ఒకటి, అంతకంటే పాతది ఇంకొకటి. తర్వాత చేయి బటన్ మీది నుంచి లేచింది. రెండో చేయి వచ్చి దాన్ని కలుసుకుంది. కళ్లు మూతపడ్డాయి. పెదాలు కదలడం మొదలైంది.

ఆమె పెట్టెకూ ఆయనకూ నడుమ వెళ్లి నిలబడింది, వీపుతో ఆ ఎర్ర రంగును కప్పేసి. "ఖలీల్ భాయ్," అంది, గొంతు ఎక్కడా పెంచకుండా, "మోటార్ ఒక్కటి ఆఫ్ చేయండి. బ్రేకు వద్దు. ఏమీ ముట్టుకోకండి. దానంతటదే ఆగాలి."

"పాట గింకా అయిపోలే మేడం. ఏమైంది? పెద్దాయన సుత పరేషాన్ అయితున్నడు..."

"జోయా కూడా ఉంది కదా అందులో," అంది ఆమె. అతను ఆమె ముఖంలోకి చూశాడు, మోటార్ స్విచ్చు కిందికి తిప్పి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

ఇక చేయడానికేమీ లేదు. అంతకంటే ఘోరం ఏముంటుంది. తిరిగేది తిరిగీ తిరిగీ తనంతట తాను అలిసిపోవాలి. పసుపు గౌను వచ్చింది, అమ్మా అని అరిచింది, పోయింది. ఆమె చేయి ఊపింది, నవ్వింది, ఆ నవ్వు పళ్ల మీద ఎండిపోయింది. మళ్లీ వచ్చింది. పిన్నుల వైపు చూడకూడదనుకుంది, పిన్నులనే చూసింది. ఒక చేయి కుదురు దగ్గర కిర్రుమంది, అది రోజూ అనే కిర్రో కొత్త కిర్రో తెలియదు. పక్కన మామయ్యగారి గొంతు నెమ్మదిగా సాగుతోంది, పేరు పేరునా అందరినీ తలుచుకుంటోంది, జోయానూ తలిచింది, జోయావాళ్ల నాన్ననూ తలిచింది. ఎందుకు ప్రార్థిస్తున్నారో ఆయనకు తెలియదు. పాట అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. బుట్టలు కిందికి వాలాయి, నడక వేగానికి వచ్చాయి, ఇంకా తగ్గాయి, స్తంభం ఒక్కసారి కొంచెం వెనక్కి ఊగి నిలబడింది.

ఖలీల్ నేల మీద కూలబడ్డాడు. షెకీనా బుట్ట కడ్డీ పైకెత్తి దిగి, రెండడుగులు పక్కకు తూలి, పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నన్ను ఎవరో బయటికి లాగారు తెలుసా! చూస్తే ఎవరూ లేరు!" అంటూనే తాతయ్యను చూసి ఆగిపోయింది. జోడించిన చేతులు, మూసిన కళ్లు, కదిలే పెదాలు. ఆ పిల్లకు ఈ వ్యవహారం కొత్త కాదు. తల్లి చేతుల వైపు చూసింది, ఆమె వెనకాల చూసింది, గొంతు తగ్గించింది.

"అమ్మా, తాతయ్య దగ్గర ఏం లాక్కున్నావే?"

హదస్సా మోకాళ్ల మీద కూర్చుని పిల్లను దగ్గరికి లాక్కుంది. సగం ఊడిన రెండో జడ చేతికి తగిలింది. పైన ఆయన ఇంకా ప్రార్థిస్తున్నారు, ఎవరూ ముగించకపోతే రాత్రంతా అలాగే నిలబడేలా ఉన్నారు. ఆమె గొంతు సవరించుకుంది. మొదటిసారి మాట రాలేదు. రెండోసారి వచ్చింది.

"ఆమెన్," అంది.